పైకప్పు మూలలో పొడుగుకాళ్ల సాలీడు: భయం ఎక్కడ పుట్టింది, బలం ఎక్కడుంది

బూజుకర్ర ఎత్తి పైకప్పు మూలకు చేర్చగానే, అంతవరకూ కదలక మెదలక తలకిందులుగా వేలాడుతున్న సన్నని సాలీడు ఒక్కసారిగా గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. కాళ్ల కొనలు పోగులను వదలవు, శరీరం మాత్రం సుడిలో పడ్డట్టు తిరుగుతుంది. రెండు మూడు సెకన్లలో దాని ఆకారం చెదిరిపోయి గాలిలో అలుక్కుపోయిన మరకలా కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అది మీదికి దూకబోతోందనుకున్నాను. నన్ను చూసి బెదిరిన ప్రాణి తనను కాపాడుకోవడానికి పడే పాటు అదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ సాలీడు గురించి ఎన్నో దేశాల్లో ఒక మాట తిరుగుతోంది. సాలీళ్లన్నిటిలోకీ దీని విషమే అతి ఘోరమైనదట, కానీ కోరలు మరీ పొట్టివి కావడంతో మన చర్మంలోకి దిగవట. వినగానే మనసులో నాటుకునే మాట ఇది. ముందు భయపెట్టి, ఆ వెంటనే ఓదారుస్తుంది. అందుకే కాబోలు ఎంతమంది శాస్త్రవేత్తలు కాదన్నా చెక్కుచెదరలేదు. ఈ ఒక్క వాక్యంలో నాలుగైదు వేర్వేరు పోగులు చిక్కుపడి ఉన్నాయి. ఒక్కొక్కటి విడదీస్తే దాని రెండు సగాలూ నిలబడవు. ఆ మాటను నమ్మినంతకాలం మరో నష్టం కూడా ఉంది: ఈ సాలీడు నిజంగా ఎలా బతుకుతోందో మన కంటికి ఆనదు. దీని బలమంతా కాళ్ల పొడవులో ఉంది, ఆ పొడవు వల్ల శత్రువుకూ తనకూ మధ్య మిగిలే దూరంలో ఉంది.

ముందు ఏ సాలీడు గురించి చెబుతున్నానో స్పష్టం చేయాలి. ఇళ్లలో గూడు కట్టే సాలీళ్లు చాలా రకాలున్నాయి. నేను చెబుతున్నది ఫోల్సిడే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో ఇప్పటికి దాదాపు 2,000 జాతులను గుర్తించారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే వాటిలో మొదట చెప్పుకోవలసింది ఫోల్కస్ ఫాలంజియాయిడిస్. ఉష్ణ దేశాల్లో దానికి దగ్గరి చుట్టం క్రాసోప్రిజా లయోనై కూడా అంతే విరివిగా కనిపిస్తుంది. దాని పొట్ట వెనుక కొసదేలి ఉంటుంది. ఫోల్కస్ ఆడదాని శరీరం 7 నుంచి 9 మిల్లీమీటర్లు, మగది ఇంకాస్త చిన్నది. కాళ్లు మాత్రం శరీరానికి అయిదారు రెట్లు. పొట్ట పొడుగ్గా గింజలా ఉంటుంది, రంగు వెలిసిన గోధుమ బూడిద. దూరం నుంచి చూస్తే మధ్యలో చిన్న చుక్క, చుట్టూ గీతలు, అంతే. భూతద్దం ఉంటే కళ్లు చూడండి. మొత్తం ఎనిమిది. రెండు పక్కలా మూడేసి కళ్లు గుత్తులుగా ఉంటాయి, వాటి మధ్య రెండు బుల్లి కళ్లు. ఇన్ని కళ్లున్నా చూపు అంతంతమాత్రమే. దాని లోకమంతా కాళ్ల ద్వారా తెలిసే ప్రకంపనల్లోనే ఉంది.

పేరులోనే మొదటి చిక్కు

ఆంగ్లం మాట్లాడే దేశాల్లో దీన్ని డాడీ లాంగ్‌లెగ్స్ అంటారు. చిక్కేమిటంటే, అదే పేరుతో మరో రెండు జీవుల్నీ పిలుస్తారు. ఒకటి క్రేన్ ఫ్లై, బ్రిటన్‌లో చాలామందికి ఆ పేరు చెప్తే గుర్తొచ్చేది ఈ పొడుగుకాళ్ల ఈగే. రెండోది హార్వెస్ట్‌మన్. దానికీ ఎనిమిది కాళ్లే, అవీ పొడవైనవే, కానీ అది సాలీడు కాదు. సాలీడు శరీరం నడుము దగ్గర నొక్కినట్టు రెండు భాగాలుగా ఉంటే, హార్వెస్ట్‌మన్ శరీరం ఒకే గుండు. కళ్లు రెండే. అది దారం తీయదు, గూడు కట్టదు, దానికి విషగ్రంథులే లేవు. సాలీడు ఆహారాన్ని కరిగించి పీలుస్తుంది, హార్వెస్ట్‌మన్ ముక్కలు కొరికి తింటుంది.

దీంతో వాదనలు ఎలా నడుస్తాయో ఊహించవచ్చు. ఒకరు "డాడీ లాంగ్‌లెగ్స్‌కు అసలు విషమే లేదు" అంటారు. హార్వెస్ట్‌మన్‌ను మనసులో పెట్టుకుని ఉంటే ఆ మాట అక్షరాలా నిజం. మరొకరు "ఉంది, సాలీడే కదా" అంటారు. ఫోల్కస్‌ను చూసి ఉంటే అదీ నిజమే. ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతూ ఒకరినొకరు తప్పుబడుతుంటారు.

ఈ తికమక శాస్త్రీయ నామంలోకీ చేరింది. 1775లో స్విట్జర్లాండ్‌కు చెందిన యోహాన్ కాస్పర్ ఫ్యూస్లి ఈ సాలీడును వర్ణించి ఫాలంజియాయిడిస్ అని పేరుపెట్టాడు. ఫాలంజియం లాంటిది అని దాని అర్థం. ఫాలంజియం అంటే హార్వెస్ట్‌మన్ ప్రజాతే. పోలిక ఉందని గమనించాడు, అది వేరని కూడా గుర్తించాడు. తర్వాతి తరాల వాడుకలో పోలిక మిగిలింది, తేడా జారిపోయింది.

తెలుగులో మనకు ఈ ఇబ్బంది లేదు. సాలెపురుగు అంటే నేసే పురుగు. కాకపోతే మనకు మరో రకం చిక్కుంది, దాన్ని బూజు దగ్గర చెబుతాను.

కోరల లెక్క

వాక్యంలో రెండో సగం తేల్చడం తేలిక, ముందు దాన్నే చూద్దాం. ఫోల్కస్ కోరల పొడవు సుమారు 0.25 మిల్లీమీటర్లు. మన చర్మపు పైపొర మందం చాలా చోట్ల సుమారు 0.1 మిల్లీమీటరు. అంటే కోర దిగదన్న మాట కొలతల దగ్గరే ఓడిపోతుంది. దీని కోరల తీరు కొంచెం వేరుగా ఉంటుందని, కొక్కెంలా ఇమిడి ఉంటాయని కొందరు గుర్తుచేస్తారు. అమెరికాలో మనుషుల్ని కరిచి పుండ్లు చేసే బ్రౌన్ రెక్లూజ్ సాలీడు కోరలు కూడా అదే తీరులో ఉంటాయి. వాటికి మన చర్మం అడ్డు కాలేదు కదా.

ఒక టెలివిజన్ కార్యక్రమంలో వ్యాఖ్యాత తన చేతిని ఈ సాలీళ్లున్న గొట్టంలో పెట్టి చూశాడు. కరిచింది. కొద్ది సెకన్లు చిన్నపాటి మంట, అంతటితో సరి. ఒక మనిషి మీద జరిగిన ఒక్క ప్రయత్నాన్ని శాస్త్రీయ నిరూపణ అనలేం. అయినా కోర దిగుతుందని, దిగినా ప్రమాదం రాలేదని ఒకేసారి చూపించింది. ఈ సాలీడు కరవడం వల్ల మనిషి చనిపోయినట్టు వైద్య చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు. శతాబ్దాలుగా మన పడకగదుల్లో, స్నానాల గదుల్లో, అటకల మీద కాపురముంటున్న జీవి గురించి ఈ మాట చెప్పగలగడం చిన్న సంగతి కాదు.

విషం అంటే ఎవరికి విషం?

ఇక మొదటి సగం. "అతి ఘోరమైన విషం" అన్న మాట విషాలను ఒక నిచ్చెన మీద నిలబెడుతుంది. కింది మెట్టు మీద తక్కువ విషం, పై మెట్టు మీద ఎక్కువ విషం. సాలీళ్ల విషం అలా పనిచేయదు. అది పదులకొద్దీ ప్రొటీన్లు, పెప్టైడ్లు కలిసిన ద్రవం. అందులోని ప్రతి అణువూ ఏదో ఒక జీవి నాడుల్లోని ఏదో ఒక ద్వారానికి సరిపడే తాళంచెవి లాంటిది. ఒక జీవి తాళం తెరిచిన చెవి మరో జీవి తాళంలో తిరగకపోవచ్చు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఫనెల్‌వెబ్ సాలీడు దీనికి మంచి ఉదాహరణ. దాని మగ సాలీడు కాటు మనిషి ప్రాణం తీయగలదు. 1981లో విరుగుడు మందు వచ్చేదాకా మరణాలు సంభవించాయి. కోతుల మీద కూడా ఆ విషం అంతే తీవ్రంగా పనిచేస్తుంది. కుక్కలు, పిల్లులు, కుందేళ్లు మాత్రం దాన్ని చాలావరకు తట్టుకోగలవు. మరి ఆ విషం బలమైనదా, బలహీనమైనదా? "ఎవరికి" అని అడగకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. నల్ల వితంతు సాలీళ్ల విషంలోనైతే ఒకే చుక్కలో ఈ విభజన కనిపిస్తుంది. వెన్నెముక ఉన్న జీవుల నాడుల మీద పనిచేసే అణువు ఒకటి, కీటకాల మీద పనిచేసేవి వేరే. అది మనల్ని బాధించడం దాని వేటకు ఏ విధంగానూ అవసరం లేదు, అలా జరిగిందంతే.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ఈ వదంతి ఎక్కడ పుట్టిందో కచ్చితమైన చోటు చూపలేం కానీ, దాని వెనుక ఉన్న తర్కం మాత్రం తేటగానే కనిపిస్తుంది. ఫోల్కస్ ఇతర సాలీళ్లను వేటాడుతుంది. అది వేటాడే వాటిలో నల్ల వితంతువుకు దగ్గరి బంధువైన ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్ సాలీడు కూడా ఉంది. రెడ్‌బ్యాక్ మనుషులకు నిజంగానే ప్రమాదకరం. 1956లో విరుగుడు మందు వాడుకలోకి వచ్చాక దాని వల్ల మరణాలు దాదాపు ఆగిపోయాయి. అలాంటి దాన్ని ఈ సన్నకాళ్ల సాలీడు చంపి పీల్చి పారేయడం కళ్లారా చూసినవారు, దాన్ని చంపిందంటే దీని విషం ఇంకా ఘోరమైనదై ఉండాలి అనుకున్నారు. మరి మనుషుల్ని ఎందుకు చంపడం లేదు? కోరలు పొట్టివై ఉండాలి. మొదటి ఊహలో వచ్చిన సందును మూయడానికి రెండో ఊహ పుట్టింది.

చూసినవారి పరిశీలనను నేను తప్పుపట్టను. వారు చూసింది నిజమే, రెడ్‌బ్యాక్ ఓడిపోయింది. వారు చూడనిది ఆ పోరు ఎలా జరిగిందన్నది.

పోరు ఎలా జరుగుతుంది

సాధారణంగా సాలీడు వేటకు దగ్గరగా వెళ్లి కాటు వేస్తుందని మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది. ఫోల్కస్ అలా చేయదు. వేట గూట్లో చిక్కిందని కాళ్లకు అందిన ప్రకంపనలను బట్టి తెలుసుకుని వస్తుంది. పొడవాటి కాళ్ల మీద శరీరాన్ని ఎత్తి, వెనకడుగు వేసినట్టుగా దూరంగా నిలుపుతుంది. వెనుక జత కాళ్లతో తన దారపు తిత్తుల నుంచి పోగులు లాగి, వాటిని వేట మీదికి విసురుతుంది. ఒకటి, రెండు, పది. వేగం చూస్తే కుంచెతో రంగు చిలకరించినట్టు ఉంటుంది. వేట తన్నుకుంటుంది, కాటు వేయబోతుంది. దాని కోరలకు దొరికేదల్లా పోగులు, మహా అయితే దారం లాంటి ఒక కాలు. ఫోల్కస్ శరీరం ఆ కోరలకు అందనంత ఎత్తులో ఉంటుంది.

కట్టు బిగిసి, తన్నుకోవడం తగ్గిన తర్వాతే అది వంగి, తరచుగా కాలి కొనలాంటి చోట కరుస్తుంది. విషం పనిచేయడానికి దానికి కావలసినంత సమయం ఉంటుంది, ఎందుకంటే వేట ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత జీర్ణరసం పంపి, చిన్న రంధ్రం గుండా లోపలి పదార్థాన్ని పీల్చుకుంటుంది.

ఇంత చూశాక రెడ్‌బ్యాక్ ఓటమిలో వింత ఏమీ మిగలదు. దాని శరీరం సుమారు ఒక సెంటీమీటరు, ఫోల్కస్ శరీరం కంటే బరువైనది, విషమూ తీవ్రమైనదే. కానీ కత్తి ఎంత పదునైనదైనా దూరం నుంచి వల విసిరేవాడి ముందు పని చేయదు.

విషం లేకుండా దారంతోనే వేటను లొంగదీయడం సాధ్యమేనా అన్న అనుమానం వస్తే, యులోబోరిడే అనే మరో కుటుంబం జవాబు చెబుతుంది. సాలీళ్లలో విషగ్రంథులు పూర్తిగా పోగొట్టుకున్న అరుదైన కుటుంబం అది. ఆ సాలీళ్లు వేటను వందలసార్లు చుట్టి, నలిపి, పైన జీర్ణరసం పోసి తింటాయి. ఇన్ని కోట్ల ఏళ్లుగా వాటి జీవనం నిరాటంకంగా సాగుతోంది.

1987లో న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ జాక్సన్ మరో పరిశోధకుడితో కలిసి ఫోల్కస్ వేటను వివరంగా ప్రచురించారు. అందులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఈ సాలీడు పరాయి గూళ్ల మీదికి వెళ్లే తీరు. తన గూట్లో తిండి దొరకనప్పుడు ఇది పక్క సాలీడు గూట్లోకి చొరబడుతుంది. అక్కడి పోగులను కాళ్లతో మీటుతుంది, చిక్కుకున్న పురుగు కొట్టుకుంటున్నట్టుగా. ఇంటావిడ తిండి దొరికిందని పరుగెత్తుకొస్తుంది. వచ్చినదాని మీద పోగుల వర్షం కురుస్తుంది. ఆ గూట్లో అది కట్టి దాచుకున్న పురుగులూ, కొన్నిసార్లు గుడ్లు కూడా ఈ చొరబాటుదారు పాలవుతాయి. మన కంటికి చలనం లేని చుక్కలా కనిపించే ప్రాణిలో ఇంత పన్నాగం ఉందని తెలిశాక, నేను ఆ మూలను ఇదివరకటిలా చూడలేకపోయాను.

ఇంత పొడవు ఊరికే రాలేదు, దానికి మూల్యమూ ఉంది. సాలీళ్ల కాళ్లలో కొన్ని కీళ్లకు మడిచే కండరాలే ఉంటాయి, చాచే కండరాలు ఉండవు. శరీర ద్రవాన్ని ఒత్తిడితో కాలిలోకి నెట్టి చాస్తాయి. చచ్చిన సాలీడు కాళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉండేది అందుకే, ఒత్తిడి పోగానే మడిచే కండరాలదే పైచేయి అవుతుంది. ఇక ఫోల్కస్ కాళ్లు వెంట్రుకంత సన్నం. సులువుగా ఊడిపోతాయి, ఆరేడు కాళ్లతో బతుకుతున్నవి తరచుగా కనిపిస్తాయి. నున్నని నేల మీద పడితే దాని నడక తడబడుతుంది. కానీ పోగుల మధ్య మాత్రం దానికి సాటి లేదు. కాలి చివరి భాగం చిన్న చిన్న నొక్కులతో ఎటు కావాలంటే అటు వంగేలా ఉండి, పోగు చుట్టూ మెలికపడుతుంది.

జిగురు లేని గూడు, బూజు అనే మాట

తోటలో కనిపించే చక్రంలాంటి గూడు, ఇంటి మూలలో కనిపించే గజిబిజి గూడు ఒకటి కావు. చక్రం గూట్లో చుట్టలు తిరిగే పోగుల మీద జిగురు బొట్లుంటాయి. ఇంట్లో కనిపించే మరో సాలీడు, గుండ్రని పొట్ట ఉన్న పారాస్టియాటోడా టెపిడారియోరం కూడా గజిబిజిగానే కడుతుంది. కానీ దాని గూటి నుంచి కిందికి బిగించిన నిలువు పోగుల అడుగున జిగురు ఉంటుంది. పాకే పురుగు తగలగానే పోగు తెగి పైకి లాగేస్తుంది. ఆ సాలీడుకు ఈ పేరు 1841లో సి. ఎల్. కోచ్ పెట్టాడు, మొక్కలు పెంచే వెచ్చని గాజు గదులను సూచించే పేరది. దాని గుడ్ల సంచులు గోధుమరంగు కాగితపు ఉండల్లా గూట్లో వేలాడుతుంటాయి. ఆ ఉండలు కనిపిస్తే అది ఫోల్కస్ గూడు కాదని నిశ్చయించుకోవచ్చు.

ఫోల్కస్ గూటిలో ప్రధానంగా ఉండేవి పొడి పోగులు, జిగురు లేనివి. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. జిగురు లేకపోతే పురుగు చిక్కేదెలా? నిజానికి అది అతుక్కోదు, తడబడుతుంది. వదులుగా అన్ని దిక్కులా అల్లిన పోగుల్లో దాని కాళ్లు, రెక్కలు తగులుకుంటాయి. కొద్ది సెకన్లలో విడిపించుకోగలదు కూడా. ఆ కొద్ది సెకన్లే ఈ సాలీడుకు చాలు, దూరం నుంచే పోగులు విసరగలదు కనుక. మిగతా సాలీళ్లు జిగురుతో చేయించుకునే పనిని ఇది కాళ్లతో చేసుకుంటోంది.

మన భాషలోని చిక్కు ఇక్కడుంది. తడి గోడ మీద నల్లగా పట్టేదాన్నీ బూజే అంటాం, మూలల్లో వేలాడేదాన్నీ బూజే అంటాం. మొదటిది తడిలో పెరిగే శిలీంధ్రం. రెండోది ఒక జంతువు చేతిపని. ఒకే మాట కావడంతో రెండోది కూడా దానంతట అదే పట్టే మురికి అనే భావన మనలో పాతుకుపోయింది. కొత్తగా వేసిన పోగు దాదాపు కనిపించదు. చక్రం గూడు కట్టే సాలీళ్లు చాలావరకు పాత గూటిని తినేసి, అందులోని ప్రొటీనుతో కొత్తది కడతాయి. ఫోల్కస్ పాతది తీసేయదు, దాని మీదే కొత్త పోగులు కలుపుకుంటూ పోతుంది. గూడు పెద్దదవుతుంది, పాత పోగుల మీద దుమ్ము పేరుకుంటుంది, అవి బరువెక్కి వేలాడతాయి. మనకు కనిపించేది ఆ దుమ్మే. కాబట్టి బూజు ఎక్కువగా ఉందంటే ఆ మూలలో పురుగులు చాలాకాలంగా దొరుకుతున్నాయనీ, గూటి యజమానురాలు అక్కడ కుదురుకుందనీ అర్థం. ఒక్కోసారి ఆమె వెళ్లిపోయి చాలా నెలలై, గూడు మాత్రమే మిగిలి ఉండవచ్చు.

ఆ గిరగిర తిరుగుడు

మళ్లీ మొదటికి. బూజుకర్ర తగిలినప్పుడు కనిపించే ఆ తిరుగుడు పనికిమాలిన గాభరా కాదు. ఇంట్లో ఈ సాలీడుకు ఉన్న శత్రువుల్లో గెంతే సాలీళ్లు ముఖ్యమైనవి. అవి గూడు కట్టవు. కళ్లతో గురి చూసి దూకుతాయి. సాలీళ్లలో వాటంత మంచి చూపు ఉన్నవి లేవు. చూపును నమ్ముకున్న వేటగాడి నుంచి తప్పించుకోవాలంటే ఆ చూపుకు గురి దొరకకుండా చేయాలి. శరీరం మరకలా అలుక్కుపోతే ఎక్కడికి దూకాలి?

2001లో ప్రచురితమైన ఒక పరిశోధన దీన్ని నేరుగా పరీక్షించింది. ఫోల్కస్ ముందు రకరకాల సాలీళ్లను ఉంచి చూస్తే, చాలాసేపు సాగే తిరుగుడు ప్రత్యేకించి గెంతే సాలీడు ఎదురైనప్పుడే కనిపించింది. అంటే మసకబారిన ఆ చూపుతోనూ, కాళ్లకు అందే సంకేతాలతోనూ ఇది వచ్చినవారు ఎవరో ఎంతోకొంత తేల్చుకుంటోంది. మన బూజుకర్ర దాని దృష్టిలో ఏ కోవకు చెందుతుందో గానీ, కాసేపు తిరిగి ఆగిపోతుంది. అలా కాకుండా పోగులను విడిచి కిందికి జారి పారిపోవడం కూడా చూడవచ్చు.

ఇక్కడా అదే సూత్రం గమనించండి. కరవడానికి ముందుకు రాలేదు. ఉన్నచోటనే ఉండి, ఎదుటివారికి అందకుండా పోయింది.

గుడ్లను ఎక్కడ దాస్తుంది?

చాలా సాలీళ్లు గుడ్లను గట్టి పట్టు సంచిలో పెట్టి ఎక్కడో ఒకచోట కడతాయి. ఫోల్కస్ ఆడది అలా వదలదు. 20 నుంచి 30 దాకా గుడ్లను నాలుగైదు పోగులతో వదులుగా కట్టి, ఆ మూటను కోరలతో పట్టుకుని తిరుగుతుంది. పోగులు ఎంత పలుచనంటే గుడ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. రెండు మూడు వారాల పాటు ఆ మూట దాని నోట్లోనే ఉంటుంది. నోరు ఖాళీ లేదు కనుక ఆ రోజుల్లో తిండి మీద ఆశ తక్కువే. ఆహారం లేకుండా వారాల తరబడి నెట్టుకురాగల శక్తి సాలీళ్లకు ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది.

పిల్లలు బయటికి వచ్చాక కూడా వెంటనే చెదిరిపోవు. పారదర్శకంగా, చిన్న కాళ్లతో తల్లి చుట్టూ పోగులకు వేలాడుతూ కొన్ని రోజులు గడుపుతాయి. ఆ తర్వాత తలో దిక్కుకూ వెళ్లి బుల్లి గూళ్లు కట్టుకుంటాయి. తిండి కరువైతే ఒకదాన్నొకటి తినడానికీ వెనుకాడవు. అయిదుసార్లు కుబుసం విడిచి, సుమారు ఏడాదికి పెద్దవవుతాయి. గూట్లో పల్చని, కదలని సాలీడు ఆకారం వేలాడుతుంటే అది చచ్చిన సాలీడు అనుకోనవసరం లేదు, చాలావరకు విడిచిన కుబుసమే అయి ఉంటుంది.

ఇల్లు దానికి ఏమిటి

ఫోల్కస్ మనుషుల ఇళ్లలోకి రాకముందు గుహల్లో, రాతి చరియల కింద బతికింది. ఇల్లు దానికి మరో గుహ. గాలి తక్కువ, వెలుతురు తక్కువ, వేడిలో హెచ్చుతగ్గులు తక్కువ. చలికి తట్టుకోలేదు కనుక చలి దేశాల్లో వెచ్చని ఇళ్లలోనే మనగలుగుతుంది. మనుషుల సామానుతో పాటు ఓడలెక్కి, ఇప్పుడు దాదాపు అన్ని ఖండాలకూ చేరింది. మనం కట్టే ప్రతి గదీ దానికి ఎనిమిది మూలలు ఇస్తోంది.

అది తినేవాటిలో దోమలు, ఈగలు, చిన్న చిన్న రెక్కల పురుగులు, చీమలు, ఇతర సాలీళ్లు ఉన్నాయి. క్రాసోప్రిజా గూళ్లలో డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమలు చిక్కుతాయని థాయిలాండ్ ఇళ్లలో పరిశోధకులు గమనించారు. దీన్నిబట్టి ఒక సాలీడు దోమల బెడద తీరుస్తుందని నేను చెప్పను. అంత బరువు దాని మీద పెట్టడం న్యాయం కాదు. నీళ్లు నిలవకుండా చూసుకోవలసింది మనమే. అయినా మన పక్కన ఉచితంగా పనిచేస్తున్న చేతిని నరికేయవలసిన అవసరమూ కనిపించదు.

దీన్ని చంపడానికి మందు కొట్టడం నా దృష్టిలో పూర్తిగా అనవసరం. మందు మూలలో ఉన్న సాలీడుకన్నా ఆ గదిలో ఊపిరి పీల్చే మనకు ఎక్కువ దగ్గరవుతుంది. పైగా పురుగులు వస్తున్నంతకాలం ఖాళీ అయిన మూలకు మరో సాలీడు వస్తుంది. కిటికీ సందులు మూసి, రాత్రిళ్లు కిటికీ దగ్గర దీపం ఆర్పి పురుగుల రాకను తగ్గిస్తే గూళ్లు వాటంతట అవే తగ్గుతాయి. భోజనం చేసే చోట, పిల్లల మంచం మీద గూడు వద్దనుకుంటే దులపడంలో తప్పేమీ లేదు. దులిపే ముందు ఒక్క నిమిషం ఆగి చూస్తే చాలు. నోట్లో గుడ్ల మూట ఉన్న ఆడది కనిపిస్తే వెడల్పు మూతి గాజు గ్లాసును దాని కింద పట్టి, పైనుంచి మెల్లగా తాకితే అది జారి గ్లాసులో పడుతుంది. గ్లాసు నున్నని గోడ మీద దాని కాళ్లు పనిచేయవు, ఎక్కి రాలేదు. మెట్ల కింది గదికో, సామాను కొట్టుకో తీసుకెళ్లి ఒక మూలలో వదిలేయవచ్చు.

నేను అలా వదిలిన ఒక సాలీడును మర్నాడు చూడ్డానికి వెళ్లాను. మూల ఖాళీగా ఉన్నట్టే కనిపించింది. ఫోను దీపాన్ని గోడకు ఆనించి పక్కనుంచి పట్టినప్పుడు మాత్రం గాలిలో ఒక్కొక్కటిగా పోగులు మెరిశాయి. వాటికి ఇంకా దుమ్ము పట్టలేదు. మధ్యలో తలకిందులుగా అది, నోట్లో మూట అలాగే ఉంది.